రెండో పాస్‌వర్డ్

కొత్త కేబుల్ చుట్ట విప్పగానే ఒక వాసన వస్తుంది. వేడెక్కిన ప్లాస్టిక్కు, దానికి కొంచెం కిరసనాయిలు కలిసినట్టు ఉంటుంది. ఎవరికీ నచ్చదు. మొన్న చింతపల్లిలో ఒక హాస్టల్ వరండాలో మావాళ్ళు చుట్ట విప్పుతుంటే, పైన రేకుల మీద వాన దబదబ కొడుతుంటే, నేను ఆ వాసన దగ్గరే నిలబడిపోయాను. "తల నొప్పొస్తుంది మేడమ్, ఇటు రండి" అన్నారు వాళ్ళు. నాకు సూరిబాబు గారు గుర్తొచ్చారని వాళ్ళకేం తెలుసు.

సూరిబాబు గారు నాకు మొదటి ఉద్యోగం ఇచ్చిన మనిషి. విజయనగరం వైపు పల్లెటూరు. రేడియోలు బాగుచెయ్యడంతో మొదలుపెట్టి, ఆసుపత్రులకూ బడులకూ వైఫై పెట్టే కాంట్రాక్టుల దాకా వచ్చారు. చదివింది ఇంటరే. నేనేమో ఇంజనీరింగ్ పూర్తిచేసి, సర్టిఫికెట్లన్నీ ఫైల్లో పెట్టుకుని దిగాను. ఈయనకి నేనే నేర్పాలేమో అనుకున్నాను కూడా. ఆ పొగరు దిగడానికి ఒక్క కొండ సరిపోయింది.

ముంచింగిపుట్టు దాటాక, కొండ మీద ఒక ట్రస్టువారి చిన్న ఆసుపత్రి. దూరపు గూడేల గర్భిణులు కానుపుకు నెల ముందే వచ్చి అక్కడ ఉండేవారు. నేను రాత్రింబవళ్ళు కూర్చుని కంప్యూటర్లో దాని మ్యాపు గీశాను. ఆకుపచ్చ రంగు ఉన్నచోటల్లా సిగ్నల్ అందుతుంది. వార్డు మొత్తం పచ్చగా మెరిసిపోతోంది. సూరిబాబు గారు దాన్ని చూసి, "బాగుందమ్మా. ఇప్పుడిది మూసీసి, పద" అన్నారు. బయట ఊడుస్తున్న ఆయా చిలకమ్మను ఆపి, ఇక్కడుండే ఆడవాళ్ళు రోజంతా ఎక్కడుంటారని అడిగారు. చిలకమ్మ నవ్వింది. "లోపలుంటారేటి బాబూ, ఈ సలికి? పొద్దు పొడిస్తే ఎనకాల ఎండలో కూకుంటారు. ఆల అత్తలు ఆ రేకుల కాడ వండుతారు. నర్సమ్మ కూడా ట్యాబు అట్టుకుని ఆడికే వస్తాది." నా మ్యాపులో ఆ వెనకవైపు తెల్లగా, ఖాళీగా ఉంది. ఆయన వైఫై పెట్టెల్లో ఒకదాన్ని వెనక గోడకి మార్పించారు, అంతే.

మూడు పెట్టెలు బిగించాక నేను మూడింటికీ పూర్తి పవర్ పెట్టాను. ట్యాబులో సిగ్నల్ గీతలన్నీ నిండుగా కనబడుతున్నాయి, ఒక్క పేజీ తెరుచుకోదు. నర్సు విసుక్కుంటోంది, నాకు తల కొట్టేసినట్టుంది. ఆయన ఒక్కొక్కదాని పవర్ తగ్గించి, దేని ఛానెల్ దానికి వేరుచేశారు. "నీ డబ్బా అరుత్తంది, ట్యాబుకి ఇనబడతంది. కానీ ట్యాబు గొంతు సిన్నది కదేటి? అది సెప్పింది డబ్బాకి ఇనబడొద్దా? మూడూ ఒకే ఛానెల్లో అరిసుకుంటే ఇంకెవరి మాట ఎవరికి?" అన్నారు. ఆయన మాటా అలాగే ఉండేది. ఎంత కోపం వచ్చినా పక్క గదిలోకి వినబడేది కాదు. నేను ఆ విద్యలో ఇప్పటికీ వెనకబడే ఉన్నాను.

పని ముగిసే నాడు ఆయనకి జ్వరం. కిందికి దిగిపోతూ, జీపులో ఒక కాలు పెట్టి చెప్పారు. "రెండు సెయ్యమ్మా. ఆఫీసు కంప్యూటర్లకి ఒక పాస్‌వర్డు, వచ్చీపోయేవాళ్ళకి ఇంకోటి. ఇందులోంచి అందులోకి దారి ఉండకూడదు." సరేనన్నాను. తీరా చూస్తే విడదీయడానికి ఇంకో పూట పట్టేలా ఉంది. మధ్యాహ్నం జీపు తప్పితే మళ్ళీ మర్నాడే. ఒకటే పెట్టి, కాగితం మీద రాసి నర్సుల గది గోడకి అతికించి, జీపెక్కేశాను. ఆయన ఫోన్లో అడిగితే "అయిపోయింది సార్" అన్నాను.

కొన్ని నెలలకు ఒక మందుల కంపెనీ మనిషి చిలకమ్మను పాస్‌వర్డ్ అడిగాడు. ఆమె గోడ మీది కాగితం చూపించింది. అతని ల్యాప్‌టాప్‌లో ఉన్న వైరస్ సాయంత్రానికల్లా ఆఫీసు కంప్యూటర్లలోకి పాకింది. ఎవరికి ఎప్పుడు నొప్పులొస్తాయో, ఎవరిది ఏ గ్రూపు రక్తమో, ఎవరికి బీపీ ఉందో, ఆ జాబితాలన్నిటికీ తాళం పడి, ఏదీ తెరుచుకోలేదు. నేను మళ్ళీ వెళ్ళి, రెండు రోజులు కూర్చుని కాగితం రిజిస్టర్లు చూసి అన్నీ మళ్ళీ ఎక్కించాను. అక్షరాలు చెరిగిపోయిన చోట చిలకమ్మ పక్కన చతికిలబడి చెప్పేది. "ఈ అమ్మిది రెండో కానుపు. తొలిదానికి ఆపరేసన్ సేసినారు, రాసుకోండి." ఒక్కటీ తప్పు చెప్పలేదు.

ఎవరి నిర్లక్ష్యమో పేరుతో సహా రాసివ్వమంది ఆసుపత్రి కమిటీ. రాసిన పేరుకి ఉద్యోగం ఉండదని అందరికీ తెలుసు. చిలకమ్మ ఇంటికి వచ్చే జీతం అదొక్కటే. రెండు రోజులు నాకు సాయం చేసిన ఆమె పేరే రాశాను.

సూరిబాబు గారు చదివారు. కళ్ళజోడు తీసి కాగితం నా వైపు జరిపారు.

"రెండు సెయ్యమన్నాను కదేటి?"

నేను కాగితం అందుకున్నాను.

"అడిగితే ఇచ్చింది. ఇవ్వడానికి కాపోతే గోడకెందుకు అంటించినావు? ఆవిడ పేరు తీసీ. నీ పేరు రాయ్."

ఏడుస్తూ రాశాను. మర్నాడు కమిటీ ముందు ఆయనే నిలబడి రిపోర్టు చదివారు. నా పేరు వచ్చే చోటుకి రాగానే తన పేరు చదివి, జేబులోంచి పెన్ను తీసి నా పేరు కొట్టేసి, తనది రాసి సంతకం పెట్టారు. నేను రెండో వరసలో కూర్చుని ఉన్నాను. లేచి "కాదండీ, నేను" అనొచ్చు. అనలేదు. నిజం చెప్పాలంటే అప్పుడు నాకు కలిగింది ఊరట. సిగ్గు తర్వాతెప్పుడో ఘాట్ రోడ్డులో వచ్చింది. ఎందుకలా చేశారని జీపులో అడిగితే, "నువ్వు రాసినావు కదమ్మా, నాకది సాలు" అని కిటికీ వైపు తిరిగిపోయారు.

ఆ కాంట్రాక్టు పోయింది. ఆ మాట కొండంతా పాకి, ఆయన్ని మళ్ళీ ఏ ఆసుపత్రీ పిలవలేదు. చివరిదాకా దుకాణాల్లో కెమెరాలు బిగించుకుంటూ గడిపారు. ఆయన పోయి రెండేళ్ళయింది. చిలకమ్మ అదే ఆసుపత్రిలో పనిచేస్తోంది. వెళ్ళినప్పుడల్లా చేతిలో ఒక రాజ్‌మా మూట పెట్టి, "సూరిబాబు పొరపాటు సేసినాడంటే నమ్మబుద్ది కాదు మేడమ్" అంటుంది. నేను మూట తీసుకుని వచ్చేస్తాను.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. ఏది చెడినా, రిపోర్టులో ముందు మనం చేసిందేమిటో రాయమంటాను. వాళ్ళు నన్ను మంచిదాన్ననుకుంటారు. ఆ ఆసుపత్రి ఫైల్లో మాత్రం ఈ రోజుకీ ఆయన పేరే ఉంది. దాన్ని దిద్దే దారి నాకు లేదు కనక ఇక్కడ రాస్తున్నాను. ఈసారి వెళ్ళినప్పుడు చిలకమ్మకి చదివి వినిపిస్తాను. సూరిబాబు గారు రెండు చెయ్యమన్నారు. ఒకటి చాలనుకున్నది నేను.