ఆదివారం తడిసే రోడ్డు

నేను పాఠాలు చెప్పే బడి గోడ అవతల కొత్త ప్లాట్ల వెంచర్ పడ్డది. పొద్దున ప్రార్థన టైముకే టిప్పర్లు తిరుగుతుండె. ఎర్రమట్టి దుమ్ము లేస్తే, ఎదురుగ నిలబడ్డ పిల్లల మొఖాలు గూడ నాకు కనపడకపోతుండె. ఒకనాడు మూడో తరగతి పిల్ల పాట నడుమ ఆగిపోయింది. నోరు తెరిచింది గానీ ఊపిరి లోపలికి పోతలేదు. ఎత్తుకొని దవాఖానకు ఉరికిన. ఆటోల దాని పెదవులు నీలంగ మారుతుంటే, జల్ది పోనియ్యమని డ్రైవర్‌ను తొందరపెట్టిన.

పిల్ల బతికింది. నేను సీదా వెంచర్ ఆఫీసుకు పోయిన.

"బడి టైముల రోడ్డు మీద నీళ్లు కొట్టించున్రి," అన్న మేనేజర్‌తోని.

"ఆదివారం కొట్టిస్తనే ఉన్నం గద మేడం. హైదరాబాద్ నుంచి ప్లాట్లు చూడనీకి వస్తరు, వాళ్ల కార్లు ఖరాబైతయి."

"ఆదివారం బడే ఉండదు!"

"ఫికర్ చెయ్యకున్రి, చూస్తం," అనుకుంట ఫోన్ చూసుకున్నడు.

వారమైనా చుక్క నీళ్లు పడలే. నాకు ఒళ్లు మండింది. ఆయనకు ఫోన్ చేసి, "రేపు పొద్దున బడి టైముకు మస్తుమంది వస్తున్రు, రోడ్డు తడిపించున్రి," అని చెప్పిన.

తెల్లారి ట్యాంకర్ బడి గేటు దాకా తడిపింది. మేనేజర్ ఇస్త్రీ అంగీ తొడుక్కొని వచ్చిండు.

"ఏరి మేడం, వస్తరన్నోళ్లు?"

ప్రార్థనకు నిలబడ్డ పిల్లలను చూపిచ్చిన. ముక్కుకు దస్తీ కట్టుకొని ఆ మూడో తరగతి పిల్ల గూడ వరుసల ఉన్నది.

"గీళ్లు దినాం వస్తరు," అన్న.