వాసన లేని గాలి

మా మేనత్త పద్దెనిమిదేళ్ళు బట్టల ఫ్యాక్టరీలో కుట్టుమిషను ముందు కూర్చుంది. అది మూతపడ్డాక, నలభై ఆరో ఏట, ఒక అద్దె షెడ్డులో అరటి, ఆపిల్ పండ్లు ఎండబెట్టి పొడి చేసే పని మొదలుపెట్టింది. పళ్ళు రాని పిల్లలకీ, పళ్ళు ఊడిన పెద్దలకీ పనికొచ్చే తిండి అది. నాలుగేళ్ళు తిరిగేసరికి ఆరుగురు ఆడవాళ్ళు పనిచేసే చోటయింది. లేబుళ్ళు, ఆర్డర్లు నేను చూసేదాన్ని.

పొడిని కవర్లలో నింపడానికి ఒక ప్యాకింగ్ మిషను ఉండేది. కవరు నోరు తెరవాలంటే దానికి గాలి కావాలి. ఆ గాలి కోసం అత్త, మూసేస్తున్న ఒక పంక్చర్ షాపు నుంచి పాత కంప్రెసర్ తెచ్చింది. అది మొదలైతే ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. అత్త దానికి ‘మామగారు’ అని పేరు పెట్టింది. “అరుస్తాడు, దగ్గుతాడు, అయినా ఆయన లేకపోతే ఇల్లు నడవదు” అనేది.

ఒకరోజు పొద్దున్నే ఒక పెద్దావిడ, సగం ఖాళీ అయిన మా ప్యాకెట్ సంచిలో పెట్టుకుని, రెండు బస్సులు మారి షెడ్డుకొచ్చింది.

“పోట్లాడ్డానికి రాలేదమ్మా. మా మనవరాలు మూడు రోజులుగా ఇది పెడితే మొహం తిప్పేస్తోంది. ఏమిటా అని నేను వాసన చూస్తే మిషను నూనెలా ఉంది. షాపులో చెప్తే నీదాకా వస్తుందో రాదో అని నేనే వచ్చాను.”

అత్త ప్యాకెట్‌లో ముక్కు పెట్టింది. ఆ సాయంత్రానికల్లా పద్నాలుగు షాపులు తిరిగి, ఆ వారం వేసిన సరుకంతా వెనక్కి తెచ్చుకుంది. తర్వాత రెండు రోజులు అందరం ట్రేలు కడిగాం, కవర్లు మార్చాం, కొత్త పండ్లు తెప్పించాం. అయినా వాసన పోలేదు. మా తల ప్రాణం తోకకొచ్చింది.

మూడోనాడు పెద్దావిడ మళ్ళీ వచ్చింది. ఈసారి వెంట భర్త ఉన్నాడు. బక్కపల్చటి మనిషి.

“ఇంటికెళ్ళి సంగతి చెప్పినప్పట్నుంచీ ఈయన నన్ను కూర్చోనివ్వట్లేదు. చూడాల్ట” అందావిడ.

ఆయన ఒక పెద్ద ఆసుపత్రిలో ఆపరేషన్ గదులకీ, ఊపిరి అందని రోగులకీ గాలి పంపే యంత్రాల దగ్గర ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాడట. షెడ్డంతా ఒకసారి చూసి, “కవర్లోకి ఊదే గాలి ఎక్కణ్ణించి వస్తోందమ్మా?” అన్నాడు. అత్త మామగారిని చూపించింది. ఆయన జేబులోంచి తెల్ల చేతిరుమాలు తీసి, గాలి వచ్చే గొట్టం ముందు కాసేపు పట్టుకుని, అత్త చేతిలో పెట్టాడు. రుమాలు తడిగా ఉంది. మధ్యలో పసుపు మరక.

అత్త ఆ మరకను వేలితో రుద్ది చూసింది. “ఈ గాలా నేను పసిపిల్లల తిండిలోకి ఊదింది?”

“ఇది టైర్ల కోసం చేసిందమ్మా. లోపల అరగకుండా నూనె పోస్తారు. పాతబడేకొద్దీ ఆ నూనె కాస్త కాస్త గాలితో బయటికొస్తుంది. టైరుకైతే ఫరవాలేదు. నీకు తెలీక జరిగింది. తెలిశాక ఆపావు కదా, అది చాలు.”

ఆ రోజే మామగారి నోరు మూతపడింది. మూడు వారాలు మా వాళ్ళు చెంచాలతో చేత్తోనే కవర్లు నింపారు. ఒక్కరూ విసుక్కోలేదు.

కొత్త కంప్రెసర్ కోసం వెతుకుతుంటే ఒక సేల్స్ మేనేజరు వచ్చి అరచేతిలో వైకుంఠం చూపించాడు. “రేపు మీరు పెరుగుతారు కదా మేడం, ఇప్పుడే పెద్దది తీసుకోండి.” అత్త తలూపబోయింది. పెద్దాయన అడ్డొచ్చాడు. “ముందు నీకెంత గాలి కావాలో చూద్దామమ్మా.”

సబ్బు నురగ తెప్పించి గొట్టాల అతుకులన్నిటికీ పూయించాడు. ఏడు చోట్ల బుడగలు లేచాయి. గాలి కారిపోతున్న ఆ అతుకులన్నీ బిగించాక చూస్తే, మేం అనుకున్న దాంట్లో సగం గాలి చాలు! అవసరానికి మించిన యంత్రం ఊరికే ఆగుతూ నడుస్తూ ఉంటే లోపల నీళ్ళు చేరతాయని కూడా చెప్పాడాయన. మేనేజరు మొహం చిన్నబోయింది.

చివరికి రెండు మిగిలాయి. ఒకటి నూనెతో నడిచేదే, కానీ నూనెను ఆపే ఫిల్టర్లు ఉంటాయి. వేళకు మార్చుకుంటూ ఉండాలి. రెండోది అసలు నూనే లేనిది. ధర ఎక్కువ. పెద్దాయన ఏదీ తేల్చలేదు. “నీ షెడ్డు, నీ పిల్లల తిండి. నువ్వే చెప్పు” అన్నాడు.

అత్త ఫిల్టర్లదాన్ని వద్దంది. “అన్నయ్యగారూ, పని ఎక్కువైన రోజున నేను అన్నం తినడమే మర్చిపోతాను. ఇక ఫిల్టరెక్కడ గుర్తుంటుంది? నేను మర్చిపోయినా తప్పు జరగనిది కావాలి నాకు.”

ఆయన పకపకా నవ్వాడు. “ఈ మాట మా ఆసుపత్రిలో పెద్ద ఇంజనీర్లకి చెప్పి ఒప్పించడానికి నాకు రెండేళ్ళు పట్టిందమ్మా!”

షెడ్డు వెడల్పు చేయించాలన్న ఆలోచన వాయిదా వేసి అత్త ఆ రెండోదే కొంది. తేమ తీసే యంత్రం కూడా దానికి జత చేశారు. లారీలు ఆగే రోడ్డు వైపు కాకుండా, వెనక గోడ వైపు నుంచి గాలి పీల్చుకునేలా పెద్దాయన దగ్గరుండి పెట్టించాడు. మొదటిసారి నడిపినప్పుడు ఆరుగురూ తలా ఒక తెల్లగుడ్డ పట్టుకుని క్యూ కట్టారు. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

ఆ సాయంత్రం అత్త ఆ దంపతులిద్దరికీ టీ ఇచ్చి, డబ్బు పెట్టిన ఒక కవరు ఆయన ముందు పెట్టింది. ఆయన దాన్ని వెనక్కి జరిపాడు.

“మీ రుణం ఎట్లా తీర్చుకోను అన్నయ్యగారూ?” అంది అత్త.

జవాబు ఆయన భార్యే చెప్పింది. “రిటైరై ఆరేళ్ళయిందమ్మా. ఈ ఆరేళ్ళలో ఈయన్ని పని గురించి ఒక్కరు అడిగిన పాపాన పోలేదు. ఈ నెల్లాళ్ళూ పొద్దున లేవగానే గడ్డం గీసుకుని తయారవుతున్నారు. దండం పెట్టాల్సింది మేమే.”

ఇప్పుడు ప్రతి బుధవారం ఆయన వస్తాడు. మా ప్యాకింగ్‌లో పనిచేసే, ఊరుకోకుండా ప్రశ్నలడిగే ఒకామె ఉంది, అందరం వదిన అని పిలుస్తాం. ఆమెకు పని నేర్పుతున్నాడు. పక్క వీధి బిస్కెట్ల ఫ్యాక్టరీవాళ్ళు గాలి పరీక్షకు మొన్న ఆమెనే పిలిచారు. జేబులో తెల్ల రుమాలు పెట్టుకుని వెళ్ళొచ్చింది. వచ్చాక అత్త దగ్గర కూడా ఆగలేదు. తిన్నగా పెద్దాయన దగ్గరికెళ్ళి, రుమాలు విప్పి, మధ్యలో ఉన్న పసుపు మరక చూపించింది.