నలభై రెండు రాళ్ళు, ఒకటే బాణం

మాబు సాహెబును పనిలోంచి తీసేశారంటే నేను నమ్మలేదు. చీమకుర్తిలోని గ్రానైట్ క్వారీలో ఇరవై రెండేళ్ళుగా రాయి వాటం చెప్పేది ఆయనే. కొండ నుంచి దించిన దిమ్మె మీద చెంబుడు నీళ్ళు పోస్తాడు. ఏ చార ముందు ఆరుతుందో, ఏది తడిగా మిగులుతుందో గొంతుక్కూర్చుని చూస్తాడు. తర్వాత పసుపు రంగుతో నంబరు వేసి, పక్కన బాణం గీస్తాడు. రంపం ఆ బాణం వెంట నడవాలి. అడ్డం తిరిగితే పలక పగిలిపోతుంది. ఆయనకు అక్షరాలు రావు. అంకెలు వచ్చు.

2002 వానాకాలంలో, ఓడలో పంపిన నలభై రెండు దిమ్మెల్లో ముప్పైకి పైగా కోతలో పగిలాయని కొన్నవాళ్ళు ఫ్యాక్స్ పంపారు. యజమాని ఆయన్ని గుమ్మం దగ్గరే నిలబెట్టి, "కళ్ళు పోయినట్టున్నాయి సాహెబూ, ఇంక ఇంటి పట్టున ఉండు" అన్నాడట.

ఆ మధ్యాహ్నమే బస్సెక్కి, నేను పనిచేసే ఒంగోలు నెట్ సెంటరుకి వచ్చాడు.

"కళ్ళు పోయాయంటన్నార్రా ఇమ్మానియేలూ. ఆ రాళ్ళా, ఇప్పుడు లేవు. ఏం చూపించి కాదనను?"

"నువ్వు గీసిన బాణం చూసేగా బాబాయ్ కోసింది?"

"వానకి రంగు పోయిందంట. కంప్యూటర్లో ఉన్న బాణాలు చూసి కోశారంట."

క్వారీ కంపెనీ వెబ్ పేజీ తెరిచాను. దిమ్మెల నంబర్లు వరసగా ఉన్నాయి, ఒక్కోదాని పక్కన ఒక్కో బాణం. ఆయన తెరకు దగ్గరగా జరిగి, పైనుంచి కిందికి వేలు దించుతూ వచ్చాడు. సగంలో వేలు ఆగిపోయింది.

"అన్నీ కుడికేనా? ఏ కొండైనా నలభై రెండు రాళ్ళని ఒకే పక్కకి పడుకోబెడతదంట్రా?"

పేజీ వెనక ఉన్న కోడ్ తెరిచాను. పాత పుస్తకాల బండి దగ్గర కొన్న చినిగిన పుస్తకం చూసి నేర్చుకున్న విద్య నాది. పేజీలో బాణం రావాలంటే దాని అంకె కొట్టాలని ఆయనకి చెప్పాను: ఎడమకి 8592, పైకి 8593, కుడికి 8594, కిందికి 8595. ఇక్కడ మొదటి వరస నుంచి చివరి దాకా 8594 తప్ప మరోటి లేదు. ఒక వరస కొట్టి, దాన్నే నలభై రెండుసార్లు అతికించి, దిమ్మె నంబరు మాత్రం మార్చారు.

ప్రింటు తీసుకుని ఇద్దరం క్వారీ ఆఫీసుకి వెళ్ళాం. పేజీ తయారుచేసింది శ్యామ్ సుందర్, గుంటూరులో ఆరు నెలల కోర్సు చేసి కొత్తగా చేరినవాడు. యజమాని ప్రింటు చూసి అతన్ని పిలిచాడు.

"సాహెబు ఇచ్చిన కాగితంలో బాణాలు లేవా?"

"ఉన్నాయి సార్. నాలుగు పక్కలకీ ఉన్నాయి."

"మరి?"

"అందానికనుకున్నాను సార్. అన్నీ ఒకేవైపుంటే పేజీ నీటుగా ఉంటుందని సరిచేశాను."

మాబు సాహెబు గోడకి చెయ్యి ఆనించాడు.

"అందానికా బాబూ?" అన్నాడు మెల్లగా.

యజమాని ప్రింటు మడిచి సొరుగులో పడేశాడు. "పోన్లే, కొత్త కుర్రాడు, తెలీక చేశాడు. సాహెబూ, రేపట్నుంచి వచ్చెయ్." ఆరు నెలల కోర్సుకి దొరికిన ఆ 'పోన్లే' ఇరవై రెండేళ్ళ చూపుకి ఎందుకు దొరకలేదో అడగాలని నోటిదాకా వచ్చింది. మాబు సాహెబు నా మోచెయ్యి పట్టుకుని ఆపాడు. శ్యామ్ సుందర్ వైపు తిరిగి, జేబులోంచి బీడీ కట్ట కాగితం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏ బాణానికి ఏ అంకో ఇందులో రాయి నాయనా."

వారం తర్వాత నేను క్వారీకి వెళ్ళాను. లారీకెక్కడానికి వరసగా దిమ్మెలున్నాయి. ప్రతి బాణం కిందా పసుపు రంగుతో, పెద్దగా, వంకరపోకుండా దాని నాలుగంకెలూ వేసి ఉన్నాయి. సాహెబు మరో దిమ్మె మీద నీళ్ళు పోసి, ఆరేదాకా చూస్తూ కూర్చున్నాడు.