ఎల్లమ్మ కాలు, డాక్టరమ్మ చెయ్యి

ఎల్లమ్మ ఎదురుకాళ్లతో పుట్టింది. అలా పుట్టినవాళ్లు తొక్కితే నడుం పట్టు విడుస్తుందని నమ్మకం. ఖాజాగూడలో ఆమె ఉండే గల్లీకి ఆదివారం పొద్దున్నే జనం వచ్చేవారు. మేస్త్రీలు, వాచ్‌మన్లు, ఒకసారి లాప్‌టాప్ సంచితో ఒక ఆఫీసతను. బోర్లా పడుకోబెట్టి ఎడమ కాలితో మూడుసార్లు తొక్కేది. మిగతా ఆరు రోజులు ఒక కంపెనీలో నేల తుడిచేది. అక్కడ ఆమె పేరు ఎవరికీ తెలియదు.

భర్త భాస్కర్ ఆఫీసు క్యాబ్ నడుపుతాడు. చలికాలంలో అతనికి నొప్పి మొదలైంది. పిరుదులో పుట్టి, తొడ వెనకగా పిక్కలోకి మంటలా దిగేది. క్లచ్ మీద కాలు పెడితే కరెంటు కొట్టినట్టుండేది. ఎల్లమ్మ తొక్కింది. మొగుడి ఒంటికి కాలు తగిలించకూడదు గానీ ఈ ఒక్క పనికి తప్పు లేదు. ఐదు ఆదివారాలు తొక్కింది. లేచిన ప్రతిసారీ "జర నయమైంది" అన్నాడు.

బుధవారం నీళ్లు పట్టే నల్లా దగ్గర పక్కింటి కమలమ్మ చెప్పింది.

"నీ పెనిమిటి నేను పనిచేసే బిల్డింగుల కనబడ్డడు. మూడో అంతస్తుల నడుం దవాఖాన లేదా, ఆడ. సన్నటి డాక్టరమ్మ. నడుం పట్టి టక్కుమనిపిస్తదంట."

"ఆమెనే నడుం పడ్తదా?"

"మరెవలు? ఇంట్ల ఇంత పెద్ద డాక్టరును పెట్టుకొని ఆడికెందుకు పోయిండో!"

కమలమ్మ నవ్వింది. ఎల్లమ్మ నవ్వలేదు. వేరే ఆడదానితో తిరిగాడంటే తిట్టి, ఏడ్చి, ఊరుకునేది. ఇది అంతకన్నా లోపలికి దిగింది. తన కాలిని కాదని అతను ఇంకొకరి చేతికి నడుం అప్పగించాడు.

శుక్రవారం భాస్కర్ ఆ దవాఖానకు పోతుంటే వెంట బయలుదేరింది.

"నువ్వెందుకే పరేషాన్?"

"చూస్త. ఎట్ల చేస్తదో చూస్త."

డాక్టర్ రసజ్ఞ బల్ల మీద ప్లాస్టిక్ వెన్నెముక ఉంది. ఎల్లమ్మ దాన్ని చూడలేదు. ఆమె చేతుల్నే చూసింది. పొట్టిగా కత్తిరించిన గోళ్లు. ఒక్క గాజు కూడా లేదు. ఆ చేతులు భాస్కర్ కాలిని మెల్లగా పైకెత్తాయి. పాదాన్ని పట్టుకున్నాయి.

"బొటనవేలు పైకి లేపండి. పోయిన శనివారం కంటే బలం తగ్గిందే! బరువేమైనా ఎత్తారా? నడుం మీద ఎవరైనా తొక్కారా అండీ?"

"లేదు మేడం," అన్నాడు భాస్కర్, గోడ వైపు తిరిగి.

తన కోసమే ఆ అబద్ధం. ఎల్లమ్మ నోరు మూసుకుంటే ఆమె కాలికున్న పేరు నిలుస్తుంది. రసజ్ఞ అతన్ని పక్కకు తిప్పింది. నొప్పి ఎక్కడుందో చూడడానికి తుంటి మీద అరచెయ్యి ఆనించింది. ఇక టక్కుమనిపిస్తుందనుకుంది ఎల్లమ్మ.

"ఆగు బిడ్డా," అంది ఎల్లమ్మ. "నేనే తొక్కిన. మొన్న ఆదివారం గూడ."

రసజ్ఞ చెయ్యి తీసేసింది. కోప్పడలేదు. ప్లాస్టిక్ పూసల మధ్య మెత్తటి బిళ్లను వేలితో చూపించింది.

"ఇది ఉబ్బి నరాన్ని నొక్కుతోందమ్మా. ఆ నరం పిరుదులోంచి పాదం దాకా వెళ్తుంది. అందుకే నొప్పి కాల్లో తెలుస్తుంది. వేలి బలం తగ్గుతుంటే తొక్కడం కాదు, నేను చెయ్యి వెయ్యడం కూడా ప్రమాదమే. ముందు స్కానింగ్, నరాల డాక్టరు. మూత్రం ఆగిపోయినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఒక్క గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి."

ఆపరేషన్ అవసరం పడలేదు. మందులు, విశ్రాంతి. వేలికి బలం వచ్చాక నరాల డాక్టరు సరేనన్నాడు. మళ్లీ రసజ్ఞ దగ్గరికే. మూడు నెలలకు భాస్కర్ క్లచ్ తొక్కాడు.

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ అన్నాడు. "మేడం చెయ్యి పడితే నొప్పి ఉండది. ఏం చెయ్యో ఆమెది!"

"నా కాలును గిట్ల ఎన్నడన్న మెచ్చుకున్నవా?"

"నీ కాలు పడితే ప్రాణం పోయేది. పండ్లు బిగబట్టి పండుకున్న."

"మరి నయమైందంటివి?"

"నువ్వు చిన్నబోతవని."

ఎల్లమ్మ అతని కంచంలో ఇంకాస్త పప్పు వేసింది. తన కోసం ఐదు ఆదివారాలు ఓర్చుకున్నాడు. డాక్టరమ్మ కోసం అతను ఒక్క పూట కూడా నొప్పి భరించలేదు.