తొమ్మిదో బిళ్ళ

కళింగదేశ చరిత్రను మూడు యుగాలుగా విభజించవచ్చు: ఖారవేలుడికి ముందు, ఖారవేలుడి తరువాత, మా సీమోను తన వీధిగుమ్మం పక్కన ఒక చెక్క బిగించి దానికి మేకులు కొట్టిన తరువాత. మొదటి రెండింటి మీద పండితులకు భేదాభిప్రాయాలున్నాయి. మూడోదానికి నేను ప్రత్యక్ష సాక్షిని. మేకులు అందించింది నేనే.

సీమోను మా ఆవిడ శాంతికి అన్న. ఆమదాలవలసలో చర్చి వెనక వీధిలో ఇల్లు. ఉద్యోగం మాత్రం ఆఫ్రికాలో, బుర్కినా ఫాసోలో ఒక బంగారు గనిలో. అక్కడ రాయి తొలిచే యంత్రాలకు మెకానిక్కు. ఎనిమిది వారాలు అక్కడ, నాలుగు వారాలు ఇక్కడ. రానూపోనూ విమానం కంపెనీదే. ఆ దేశంలో గని లోపల రాళ్ళు పడతాయి, గని బయట తుపాకులు పేలతాయి. “లోపలికి దిగినాకే బావా, కాస్త పేణం కుదటపడతాది” అనేవాడు.

ఆ గనిలో ఒక పద్ధతుంది. దిగే ప్రతి మనిషీ తన నెంబరు చెక్కిన ఇత్తడి బిళ్ళను పైనున్న బోర్డుకు తగిలించి దిగాలి, పైకొచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలినా లోపల మందుగుండు పేల్చరు. ఈ పద్ధతి సీమోను ఎముకల్లోకి దిగిపోయింది. సెలవుకు వచ్చి ఇంటికి కూడా బోర్డు పెట్టాడు. భార్య గ్లోరీకి ఒకటో నెంబరు, పనిమనిషి బుల్లమ్మకు మూడు, నాకు ఏడు. గ్యాసు బండ మోసుకొచ్చినవాడు కూడా బిళ్ళ తగిలించందే గడప దాటకూడదు. బోర్డు మీద బిళ్ళ ఉంటే లోపల మనిషి ఉన్నట్టే. మనిషి ఉన్న ఇంటికి తాళం వేయడం నరహత్యతో సమానం.

ఒకసారి పాస్టరు రాబర్ట్ గారు ప్రార్థన చేసి, టీ తాగి, నాలుగో నెంబరు తీయడం మరిచి వెళ్ళిపోయారు. సీమోను మంచాల కింద వెతికాడు, నీళ్ళ ట్యాంకులో తొంగి చూశాడు, బియ్యం డ్రమ్ములో చెయ్యి పెట్టి కెలికాడు. చివరికి ఫోను చేశాడు.

“అయ్యగారూ, మీరు పైకి వచ్చేశారా?”

“ఇంకా లేదు నాయనా. అంతా ప్రభువు చిత్తం.”

ఇంతవరకూ వీధి నవ్వింది. తొమ్మిదో బిళ్ళ వచ్చాక నవ్వడం మానేసింది.

ఏడాది కిందట సెలవుకు వచ్చినప్పుడు సీమోను దాన్ని జేబులోంచి తీసి, చివరి మేకుకు తగిలించాడు. అది ఎవరిదీ కాదు. ఎవరూ తీయరు. ఇంటిల్లిపాదీ చర్చికి వెళ్ళినా అదొక్కటే వేలాడుతూ ఉంటుంది. అది ఉంది కాబట్టి తలుపుకు తాళం లేదు. మిగతా బిళ్ళలు నల్లబడ్డాయి. అది మాత్రం ఎవరో చింతపండు పెట్టి తోమినట్టు మెరుస్తుంది. భోజనానికి నలుగురం కూర్చుంటే సీమోను వేలితో లెక్కపెట్టి “ఐదు” అనేవాడు.

“ఎవరిది బావా ఆ తొమ్మిది?” అని అడిగాను.

“మనిషిది.”

“ఏ మనిషిది?”

“ఇంకా పైకి రాని మనిషిది” అని పెరుగు కలుపుకున్నాడు. నాకు ఆ పూట పెరుగు సయించలేదు.

మొదట బుల్లమ్మ మానేసింది. “గాలి నేదమ్మా, ఆకు కదల్నేదు. ఆదివారం మిట్టమద్దేనం ఆ బిళ్ళ ఊగతన్నాది. లోపల ఎవులో దగ్గినారు. నీ జీతం నాకొద్దు, నీ దెయ్యం నాకొద్దు” అని చీపురు అక్కడే పడేసి పోయింది. ఏడాదిగా ఆదివారాలు బార్లా తెరిచి ఉన్న ఆ ఇంట్లో ఒక చెంచా కూడా పోలేదు. దొంగలకూ కుటుంబాలుంటాయి.

తరువాత గ్లోరీ మా ఇంటికి వచ్చింది. మొహంలో రక్తం లేదు.

“అన్నయ్యా, ఆదివారం చర్చికెల్లే ముందు తొమ్మిదో నెంబరుకి కంచంలో అన్నం పెట్టి మూత పెట్టమంటారు. ఆయన ఊళ్ళో నేకపోయినా పెట్టాలంట. పెడతన్నాను. తిరిగొచ్చేసరికి అన్నం ఉండదు.”

“పిల్లి తింటుందేమో.”

“తింటాది. కంచం కడిగి బోర్లిస్తాదా అన్నయ్యా?”

నేను కళ్ళజోడు తుడుచుకుంటుండగా ఆమె అసలు సంగతికి వచ్చింది.

“పదో తారీకున ఆయన మళ్ళా ఇమానం ఎక్కుతారు. ఆ తొమ్మిదో నెంబరుతో ఒక్కదాన్నీ ఆ ఇంట్లో ఉండనేను. ఆ బిళ్ళయినా ఉండాల, నేనైనా ఉండాల. ఈ ఆదివారం మేం చర్చిలో ఉండగా నువ్వొచ్చి దాన్ని తీసి నాగావళిలో పారేయ్.”

దెయ్యాలు లేవని మా కాలేజీలో పదిహేడు సార్లు ఉపన్యసించినవాణ్ణి. వెళ్ళక తప్పలేదు.

ఆదివారం పదకొండు గంటలు. వీధి వీధంతా చర్చిలో ఉంది. దూరంగా పాట వినిపిస్తోంది. స్టేషను వైపు గూడ్సు పెట్టెలు ఒకదానికొకటి తగులుకున్న చప్పుడు వచ్చి ఆగిపోయింది. ఎండ తెల్లగా, కదలకుండా నిలబడి ఉంది. తలుపు తెరిచి ఉంది. బోర్డు మీద ఒకే ఒక్క బిళ్ళ.

అది ఊగుతోంది.

మెల్లగా, అప్పుడే ఎవరో వేలు తీసినట్టు. నా దగ్గర ఉన్న హేతువులన్నీ కూడగట్టుకుని చెయ్యి చాచాను. నీడలో చల్లగా ఉండాల్సిన ఇత్తడి వెచ్చగా తగిలింది.

“ఒగ్గేయ్ బాబూ” అంది లోపలి చీకట్లోంచి ఒక గొంతు. “ఆడింకా రానేదు.”

నేను పక్కనున్న కుర్చీలో కూలబడ్డాను. అక్కడ కుర్చీ లేదని నేలను తాకాక తెలిసింది.

లోపలి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. చేతిలో కడిగిన కంచం, నీళ్ళు కారుతున్నాయి. “దెబ్బ తగిలిందేటి నాయనా?” అని నన్ను లేవదీసి, కంచం బోర్లించి, తన కథ చెప్పింది.

ఆమె పేరు జగ్గమ్మ. ఊరు శృంగవరపుకోట దగ్గర. కొడుకు ఈశ్వర్ సీమోనుతోపాటు అదే గనిలో పని చేసేవాడు. గని నుంచి విమానాల దగ్గరకు వెళ్ళే దారిలో తుపాకులవాళ్ళు వ్యాను ఆపి ముగ్గుర్ని దింపుకుపోయారు. అందులో ఈశ్వర్ ఒకడు.

“మరుదులు కర్మ సేసేయమంటన్నారు. ఊరంతా అయ్యో అంటన్నాది. ఆ అయ్యోలు పడనేక ఆదివారం ఆదివారం ఇజీనగరంలో రైలెక్కి ఇక్కడికొస్తాను. ఉన్నంతసేపూ పోయీ వచ్చీ కొంగుతో బిళ్ళ తుడుస్తాను, బువ్వ తింటాను, ఎల్పోతాను. ఎవులికీ సెప్పకని సీమోను బాబు దగ్గర ఒట్టేయించుకున్నాను. సెప్తే ఈ ఊరు కూడా అయ్యో అంటాది.”

గ్లోరీతో కలిసి చర్చి నుంచి వచ్చిన సీమోను మా ఇద్దర్నీ చూసి, ముందు బోర్డు వైపు తిరిగి, “బావా, నీ ఏడో నెంబరు తగిలించనేదే!” అన్నాడు. ఆ తరువాతే సంజాయిషీకి దిగాడు. మూడు నెలలు చూసి కంపెనీవాళ్ళు ఈశ్వర్ బిళ్ళను కొత్తవాడికి ఇవ్వబోతే, తాను దాన్ని జేబులో వేసుకుని వచ్చేశాడట.

“షిఫ్టు అయ్యాక రోజూ లెక్క అడుగుతారు. నేను ‘తొమ్మిది పైకి రాలేదు’ అంటాను. ఆడు లోపల నేడని తెలిసినా ఆ మాట లెక్క పుస్తకంలో రాయాల. రాయకపోతే ఆ పూట పేల్చడానికి నేదు. రాసినారంటే ఆఫీసోళ్ళు ఆడి కాయితం మూసేయనేరు, తుపాకులోళ్ళకి మళ్ళా కబురెట్టాల. నాతో పోరు పడనేకున్నారు. ఇంక నేనెల్లడం మానేస్తే ఆ మాట ఎవులంటారు?”

నేను గ్లోరీ వైపు చూశాను. ఆమె కళ్ళు జగ్గమ్మ మీద ఉన్నాయి.

“ఏడాది నుంచీ” అంది మొగుడితో, పళ్ళు బిగించి, “ఈ తల్లికి నాసేత సల్లారిపోయిన అన్నం, పప్పూ పెట్టించేరా? మనిషని సెప్తే సేపల కూర ఒండనా నేను?”

బుల్లమ్మ కూడా తిరిగి వచ్చింది. దెయ్యం తన కంచం తానే కడుక్కుంటుందని తెలిశాక ఆమెకు అభ్యంతరం లేకపోయింది. పదో తారీకున సీమోను విమానం ఎక్కాడు. బ్యాగులో ఊరగాయ సీసా గ్లోరీయే సర్దింది.

ఆ తరువాత అయిదో నెలలో ఫోను వచ్చింది. ముగ్గుర్నీ వదిలేశారు. కంపెనీ పెద్దలు ఎన్నో కారణాలు చెప్పారట. రోజూ అదే మాట రాసీ రాసీ విసిగిపోయామని మాత్రం ఎక్కడా ఒప్పుకోలేదు.

ఈశ్వర్‌ని వెంటబెట్టుకుని సీమోను దిగిన రోజు ఆ వీధికి మహోత్సవం. రాబర్ట్ గారు పన్నెండు పేజీల ప్రార్థన రాసుకొచ్చారు. జగ్గమ్మ కొబ్బరికాయలు తెచ్చింది. నేను ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. బక్కచిక్కిన ఆ మనిషి గడప దగ్గర ఆగి, బిళ్ళ తీసి, చేతిలో తిప్పి చూసుకున్నాడు. ఆ చెరలో ఏం చూశాడో, ఎలా బతికాడో, మొదటి మాటగా ఏం చెబుతాడోనని వీధంతా ఊపిరి బిగబట్టింది.

ఈశ్వర్ చాప అడిగి, నడవలో వాల్చుకుని, సాయంత్రం ఐదింటి దాకా నిద్రపోయాడు.