హఫీజా తొట్టి నీళ్లు

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన జమ్మలమడుగులో హఫీజా ఉన్న సందు ఎన్నటికీ బాగుపడేది కాదు. మొగుడు ఖలీల్ బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేస్తూ, మిగిలిపోయిన కడప బండలు తెచ్చి వాకిట్లో నడుమెత్తు తొట్టి కట్టించాడు. ఆమెకు నగలకన్నా ఆ తొట్టే ఎక్కువ. కొళాయి వచ్చిన రోజు నిండా పట్టుకునేది. నీళ్లు అద్దంలా ఉండేవి. వారానికొకసారి ఎండబెట్టమ్మా అని ఆస్పత్రి నర్సమ్మ వస్తే, ఎండబెట్టి మీ ఇంటికి నీళ్లకు రావాల్నా అని తరిమేసింది. దోమల మందు పోస్తామన్నవాళ్లను వాకిట్లోకే రానీలేదు.

గోడ పక్కింటి ఫర్హానా అంటే ఆమెకు అసలే పడదు. ఆ ఇంట్లో కోళ్లు, ముందర మురుక్కాలువ. ఫర్హానా కొడుకు రెహాన్ మలేరియాతో వణుకుతూ ప్రొద్దుటూరు ఆస్పత్రిలో పడితే, కంపు కొంపలో రోగం రాక రాజ్యం వస్తుందా అని సందంతా వినేలా అంది. పగవాడైనా అనకూడని మాట అది. కూతురు అల్ఫియాను ఆ గడప తొక్కొద్దని కూడా చెప్పింది.

రెహాన్‌కు అలా అయ్యేసరికి బడిలో పిల్లలందరికీ వేలు పొడిచి రక్తం చూశారు. అల్ఫియా రక్తంలో మలేరియా బయటపడింది. పిల్లకు జ్వరం లేదు, తలనొప్పి లేదు, ముందురోజే ఖోఖోలో గెలిచింది. వేదవతి టీచర్ మాత్రలు తీసుకుని ఇంటికొచ్చింది. కొందరు పిల్లల్లో ఇది పైకి కనబడదనీ, వాళ్లను కుట్టిన దోమ ఇంకొకరిని కుడితే వాళ్లు మంచాన పడతారనీ ఓపిగ్గా చెప్పింది.

"నా బిడ్డ గుండ్రాయి మాదిరి ఉండాది. రోగం లేనిదానికి మాత్రలేంది?" అని హఫీజా వాటిని వాకిట్లోకి విసిరికొట్టింది.

గోడవతల ఫర్హానా అంతా వింది. తలుపు తోసుకుని వచ్చి, ఎవరినీ అడక్కుండా తొట్టిలో తెల్లగిన్నె ముంచి టీచర్ ముందే పెట్టింది. నీళ్ల మీద సన్నటి పురుగులు మెదులుతున్నాయి. ఆస్పత్రిలో బొమ్మ చూపించి, ఈ దోమపిల్లలు మంచినీళ్లలోనే పెరుగుతాయని ఆమెకు చెప్పి పంపారు.

"నా కోళ్లగూట్లో కాదక్కా, దోమలు ఈడ పుట్టినాయి. నీ బిడ్డను కుట్టి నా బిడ్డను కుట్టినాయి. వాడు సచ్చి బతికినాడు. మాత్ర నువ్వు మింగిస్తావా, నేను మింగించాల్నా?"

గురివింద తన నలుపు ఎరగదంటారు. హఫీజా ఆ రోజు ఎరిగింది. వాళ్లు పోయాక మాత్రలు ఏరుకుంది, తొట్టి అడుగున తూముకు కుక్కిన గుడ్డ పీకింది. నీళ్లన్నీ ఫర్హానా గడప ముందు నుంచే పారాయి.

తప్పయిందని మాత్రం అనలేదు. ఆ నోటికి ఆ మాట అలవాటు లేదు. మాత్రలు అయిపోయేదాకా రోజూ అల్ఫియాను గోడ దగ్గర నిలబెట్టి మింగించేది.

"నోరు తెరువు. ఫర్హానా ఖాలాకు చూపీ."

ఫర్హానా ముందు ఆ పిల్ల నోట్లోకి, తర్వాత ఎండిన తొట్టిలోకి తొంగి చూసి, రెహాన్ దగ్గరికి పోయేది.