తమ్ముడి మీద కేసుల్లేవన్న కాగితం

నేరం చేసినవాడు జైలుకెళ్ళడం కన్నా, చెయ్యనివాడు చెయ్యలేదని కాగితం తెచ్చుకోవడం కష్టమని నాకు అరవై దాటాక తెలిసింది. జైలుకైతే వాళ్ళే వ్యాను పంపిస్తారు. కాగితానికి మనమే కాళ్ళరిగేలా తిరగాలి.

మేము బర్మాలో, యాంగోన్ నగరంలో మింగళ తౌంగ్‌న్యున్ పేటలో ఉంటాం, రైలు స్టేషనుకి దగ్గర్లో, నాలుగో అంతస్తులో రెండు గదులు. మా తాతలు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళు. నాకు సంచౌంగ్ బజారులో మసాలా పొడుల కొట్టుంది. మా ఆయన పోయాడు, పిల్లల్లేరు. నా కన్నా పదమూడేళ్ళు చిన్నవాడైన తమ్ముడు నాతోనే ఉంటాడు, నన్ను అప్పా అని పిలుస్తాడు. పెళ్ళి కాలేదు. నోట్లో నాలుక లేని మనిషి. అద్దెకి టాక్సీ నడిపేవాడు. పెట్రోలు కోసం వరసలో నిలబడడంతోనే సగం రోజు గడిచిపోతోందని ఓనరు విసిగిపోయి కారు అమ్మేసుకున్నాడు. నాలుగు నెలలు మావాడు ఇంట్లో కూర్చుని గోడలు చూశాడు.

నా కొట్టుకి వచ్చే ఒకావిడ ప్రైవేటు స్కూల్లో ప్రిన్సిపాలు. పిల్లల వ్యానుకి డ్రైవరు కావాలందామె. మా తమ్ముడున్నాడన్నాను. అయితే నెలాఖరులోగా పోలీసు తౌఖంజా తెమ్మనండి, ఒక్కరోజు దాటినా వేరే మనిషిని పెట్టుకుంటాను అంది. తౌఖంజా అంటే బర్మాలో ఈ మనిషి మంచివాడని సర్కారు రాసిచ్చే కాగితం. ఇక్కడ చావడానికి తప్ప అన్నిటికీ అది కావాలి.

ఇంటికొచ్చి చెబితే తమ్ముడు సంతోషించాలి కదా. తల దించుకున్నాడు.

"ఒగ్గేయప్పా. ఇంకోటి సూసుకుంటాను."

"ఏటి సూసుకుంటావు? నాలుగు నెల్లయింది, ఏటి సూసినావు?"

బద్ధకం అనుకున్నాను. వాడి పనులన్నీ నేను చేసిపెట్టడమే అలవాటు కాబట్టి మర్నాడు కొట్టు మూసి నేనే బయల్దేరాను.

మొదట వార్డు ఆఫీసు. అక్కడి గుమస్తాది మా మేడే, మా కిందింటివాళ్ళు. వెనకటి ఆదివారమే నా తలుపు తట్టి పచ్చడి పట్టుకుపోయాడు. కుర్చీలో కూర్చునేసరికి అతని కళ్ళు నెత్తికెక్కాయి. మీరు ఈ వార్డులోనే ఉంటున్నారని ఋజువేమిటని నన్ను అడిగాడు. పచ్చడి సంగతి ఎత్తితే, అది ఋజువు కాదు ఆంటీ, ఇంటి జాబితా కావాలి అన్నాడు. ఇంటి జాబితా అంటే ఏ ఇంట్లో ఎవరెవరున్నారో రాసి సర్కారు ముద్ర వేసిన అట్ట. మా అట్టలో ఇంటి పెద్దగా నా పేరుంటుంది, కింద తమ్ముడి పేరు. తీసి అతని ముక్కు కింద పెట్టాను. అట్టనీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇద్దరు పొరుగువాళ్ళ సంతకాలు కావాలన్నాడు. ఆ పొరుగువాళ్ళలో అతని పెళ్ళాం ఒకర్తె.

తరవాత పోలీసు స్టేషను. అక్కడ కంప్యూటరు ఉంది. దాని ముందొక కుర్రాడు ఒక్క వేలితో అక్షరాలు వెతుక్కుంటూ కొడుతున్నాడు. నేనైతే ఈపాటికి రెండు కిలోల ధనియాలు వేయించి దంచి పొట్లాలు కట్టేదాన్ని. నాలుగోనాడు కాగితం చేతికిచ్చాడు. ఫలానావాడి మీద ఏ కేసూ లేదు. కింద ముద్ర.

అది తీసుకుని నోరుమూసుకుని ఇంటికొచ్చేస్తే ఈ కథే లేదు.

మా ఇళ్ళల్లో మనిషికి రెండు పేర్లు. గుర్తింపు కార్డు మీద బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. బర్మా పేరు సర్కారుకీ బడికీ, తెలుగు పేరు దేవుడికీ చుట్టాలకీ. మా నాన్న పోయినప్పుడు ఆస్పత్రివాళ్ళు తెలుగు పేరుతో మరణపత్రం రాసేశారు. కార్డు పేరుగల మనిషి ఇంకా బతికే ఉన్నాడనీ, ఆయన్నే వచ్చి సంతకం పెట్టమనీ ఆరు నెలలు మమ్మల్ని తిప్పారు. చచ్చింది ఒక్క మనిషేనని నమ్మించేసరికి నా తల ప్రాణం తోకకొచ్చింది. అప్పటినుంచి ఏ కాగితం మీదైనా రెండు పేర్లూ ఉండాల్సిందేనని నా పట్టుదల.

కాగితం చదివాను. కార్డు పేరొక్కటే ఉంది.

"బాబూ, రెండో పేరు కూడా రాయి" అన్నాను బర్మా భాషలో.

"అవసరం లేదు ఆంటీ. ఇది చాలు."

"నీకు చాలు. రేపు స్కూలువాళ్ళు రెండోవాడి సంగతేమిటంటే నువ్వొచ్చి చెబుతావా? సగం పని చేసి ముద్ర గుద్దడం ఎక్కడ నేర్చుకున్నావు? మాకు దాచుకోవాల్సిందేమీ లేదు. రాయి."

గట్టిగానే అన్నాను. బల్లల మీదవాళ్ళంతా తలలు తిప్పారు. నాకు ఆ క్షణంలో ఎంత గొప్పగా అనిపించిందో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. కుర్రాడు ఆ కాగితం చింపేసి, రెండో పేరు కొట్టి వెతికాడు. తెరకేసి చూశాడు. నాకేసి చూశాడు.

"ఈ పేరు మీద ఒక కేసుంది ఆంటీ."

కరోనాకి అయిదేళ్ళ ముందుది. నది అవతలి డెల్టాలో, కాలువ పక్కన, ట్వంటే దాటాక ఉండే ఒక చిన్న ఊరి కోర్టులో కేసు. ఊరి పేరు రాయను. తండ్రి పేరు మా నాన్నదే. చిరునామా మా వీధిదే. కేసు నంబరూ సెక్షనూ తప్ప అతని దగ్గర ఇంకే వివరమూ లేదు. పేరు ఒకటే అయినవాళ్ళు వెయ్యి మంది ఉంటారని నేను నోరు చేసుకున్నాను. మా తమ్ముడు పోలీసు స్టేషను గుమ్మం కూడా తొక్కలేదన్నాను. ఎవడో దొంగ వెధవ మావాడి పేరు వాడుకున్నాడన్నాను. కుర్రాడు శాంతంగా విని, ఆ కోర్టు నుంచి తీర్పు నకలు తెండి, చిన్నదైతే చూస్తాం అన్నాడు. నెలాఖరుకి పదకొండు రోజులున్నాయి.

ఇంటికొచ్చి తమ్ముడికి చెప్పాను. వాడి మొహంలో నెత్తురు లేదు.

"ఆ ఉద్యోగం నాకొద్దప్పా."

"వద్దంటే? నీ పేరు ఎవడో పాడుసేసినాడు, నీకు సీమ కుట్టినట్టైనా లేదేటి? నాను ఎల్తాను. ఈ అధికార పత్రం మీద సంతకం ఎట్టు."

పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తరవాత పెట్టాడు. ఇంత పిరికివాణ్ణి పెంచానేమిటా అని నాకు ఒళ్ళు మండింది.

పొద్దున్నే నది దాటి, బస్సెక్కి ఆ ఊరు చేరాను. కోర్టు ముందు రేకుల కింద అర్జీలు రాసేవాళ్ళు నలుగురు కూర్చున్నారు. నాకు బర్మా భాష బాగానే రాయడం వచ్చు, కానీ నేను రాసినది చెల్లదట. అదే ముక్క వాళ్ళలో ఒకాయన రాస్తే చెల్లుతుందట. ఆయన నా అర్జీలో మూడు చోట్ల "వినయంతో" అని చేర్చాడు. నాకు లేని వినయం ఆయన దగ్గర బోలెడుంది. స్టాంపు అంటించి లోపలికి తీసుకెళ్ళాను.

రికార్డు గది అంటే ఏమో అనుకున్నాను. ఇనప బీరువాలు నాలుగు, వాటి మీద ఎర్ర గుడ్డలో కట్టిన మూటలు చూరు దాకా. మనుషుల పరువంతా మూటలు కట్టి దుమ్ములో పడేశారు. ఆ దుమ్ముకి కాపలా ఒక ముసలాయన. కేసు నంబరు చూసి, పోయిన వర్షాలకి కింది వరస తడిసింది, ఉందో లేదో, ఎల్లుండి రండి అన్నాడు. ఎల్లుండి వెళ్ళాను. జడ్జి సంతకం కాలేదు, సోమవారం రండి అన్నాడు. సోమవారం వెళ్ళాను. మూడుసార్లు నది దాటాను. దాటిన ప్రతిసారీ మనసులో ఆ దొంగ వెధవని తిట్టాను, వాడి అమ్మానాన్నల్ని కూడా కలిపి.

మూడోసారి నకలు ఇచ్చారు. రెండే పేజీలు. వసారాలో బల్ల మీద కూర్చుని చదివాను.

అది దొంగతనం కాదు. మా దేశంలో రాత్రి పరాయి ఇంట్లో పడుకుంటే ఆ ఇంటివాళ్ళు వార్డు ఆఫీసులో అతిథి అని రాయించాలి. రాయించకపోతే తప్పు. ఆ ఊళ్ళో తనిఖీకి వచ్చినప్పుడు ఒక ఇంట్లో రాయించని మనిషి దొరికాడు. కార్డు మర్చిపోయి వచ్చానన్నాడు. పేరడిగితే ఇంట్లో పిలిచే తెలుగు పేరు చెప్పాడు. తండ్రి పేరూ వీధీ అబద్ధం చెప్పడం వాడి చేత కాలేదు. ఇంటి యజమానురాలు ఒక ఆడమనిషి. కుండలకి రంగు వేసే పని అని రాసుంది. ఇద్దరూ ముద్దాయిలే.

రెండో పేజీలో మావాడు కోర్టుకి చెప్పిన మాట ఉంది. నేను అతిథిని కాను, ఈమె నా భార్య, నా ఇంటికి నేను వస్తే రాయించడమేమిటి అన్నాడట. నాలుగు మాటలు వరసగా మాట్లాడలేని మా తమ్ముడు.

దాని కింద జడ్జిగారి జవాబు. ముద్దాయి పేరు ఆ ఇంటి జాబితాలో లేదు. యాంగోన్‌లో అతని అక్క ఇంటి జాబితాలో ఉంది. అక్క సంతకం లేకుండా పేరు తీయించుకోవడం కుదరలేదని ముద్దాయి చెబుతున్నాడు. కాబట్టి చట్టం దృష్టిలో అతను అతిథే. ఇద్దరికీ జరిమానా. కట్టేశారు, కేసు మూసేశారు.

మూడుసార్లు నది దాటి నేను వెతికి పట్టుకున్న దొంగ ఎవరో అప్పటికి అర్థమైంది.

ఆ ఏడాది వాడు పేరు తీసివేసే ఫారం తెచ్చి నన్ను సంతకం అడిగిన మాట నిజమే. డెల్టా వైపు అద్దె కారు నడపడానికి అక్కడి చిరునామా కావాలన్నాడు. అంతకు నెల ముందే బజారులో ఎవరో, మీవాడు డెల్టాలో కుండలు చేసే ఊళ్ళో బర్మా ఆడదానితో కనిపించాడని నా చెవిన వేశారు. అలాంటిదేమైనా ఉంటే ఈ ఇంట్లో అడుగుపెట్టకు, నా శవం కూడా ముట్టుకోకు అని భోజనం దగ్గర చెప్పాను. వాడు అన్నం కలుపుకుంటూ విన్నాడు. ఊరుకున్నాడు కదా, ఒప్పుకున్నాడనుకున్నాను. ఫారం నా ట్రంకుపెట్టెలో పెట్టి తాళం వేశాను. వాడు మళ్ళీ అడగలేదు. నేను గెలిచాననుకుని ఆ సంగతే మర్చిపోయాను.

కాగితం ఇంటికి తెచ్చి వాడి ముందు పెట్టాను. చదవలేదు. చదవక్కర్లేదు కదా.

"నాతో ఎందుకు సెప్పలేదురా?"

"జడ్జిగారు అడిగినారప్పా, ఈవిడ నీకేటవుద్ది అని. సెప్పినాను." కాగితం నా వైపు జరిపాడు. "నువ్వు అడగలేదు."

నిజం. నేను అడగలేదు. వాడు ఏం చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పాను తప్ప, ఒక్కనాడూ అడగలేదు. నా నోటికి పోలీసు స్టేషనంతా తలలు తిప్పిందని గొప్పపడ్డానే, ఈ ఇంట్లో ఆ నోటికి ఒకడు జడ్జి కన్నా ఎక్కువ భయపడుతూ బతికాడు. నాకు ఏడుపొచ్చింది. వాడి ముందే ఏడ్చాను.

"ఆవిడ ఇప్పుడేటవుద్ది నీకు?" అన్నాను. సిగ్గు లేకుండా, ఇన్నేళ్ళకి.

"ఇప్పుడేటీ అవదప్పా. కరోనాలో దారులు మూసేసినారు కదా. నాను ఎల్లలేకపోయినాను. తెరిసినాక ఎల్తే, మొల్మెయిన్ ఎల్లిపోయిందన్నారు. పెల్లి సేసుకుందట."

ఆ ఫారం ఇంకా ట్రంకులోనే ఉంది. వెళ్ళి తీసి ఏం చెయ్యను?

చిన్న కేసేనని పోలీసులు తౌఖంజా ఇచ్చారు. నెలాఖరుకి రెండు రోజుల ముందు ఇద్దరం స్కూలుకి వెళ్ళాం. నేను మూడుసార్లు నది దాటి సాధించిన కాగితాన్ని ప్రిన్సిపాలు కనీసం విప్పి చూడలేదు, ఫైల్లో పడేసింది. ఇంకో ఫారం ఇచ్చి నింపమంది. పేరు, వయసు, లైసెన్సు నంబరు, అన్నీ తమ్ముడు చకచకా రాశాడు. తరవాత సంసారం గడి వచ్చింది. కలదు, లేదు అని రెండు మాటలు అచ్చువేసి ఉన్నాయి, ఒకటి కొట్టెయ్యాలి. వాడి పెన్ను అక్కడ ఆగింది. వాడి ఫారాలన్నిటికీ ఏం రాయాలో చెప్పింది నేనే కాబట్టి, అలవాటు కొద్దీ నాకేసి చూశాడు. నా నోట మాట రాలేదు. వాడు బల్ల మీదున్న స్కేలు తీసుకుని, కలదు అన్న మాటని వంకర పోకుండా కొట్టేశాడు.